గ్రంథము లేని ప్రజలు, గ్రంథము వ్రాసిన కుమార్తె: యెజీదీల ప్రవాస చరిత్రపై ఒక పరిశీలన

షోమ్రోను పట్టబడిన పిమ్మట అష్షూరు రాజు ఇశ్రాయేలీయులను చెరగొనిపోయి హాబోరు నదీ ప్రాంతమందు నివసింపజేసెనని రాజులు రెండవ గ్రంథము 17వ అధ్యాయము తెలియజేయుచున్నది. తరగతిలో ఈ పేరును పటము మీద చూపించి మనము ముందుకు సాగిపోవుట అలవాటు. హాబోరు అనగా నేటి ఖాబూరు నది. అది ఈశాన్య సిరియాలో ప్రవహించి యూఫ్రటీసులో కలియుచున్నది. అక్కడి తెల్ హలాఫ్ అను దిబ్బను త్రవ్వినపుడు గోజాను పట్టణ శిథిలములు బయల్పడినవి. ఇశ్రాయేలీయులకు చెరదేశమైన ఆ ప్రాంతము, చాల కాలము తరువాత యెజీదీలు అను ఒక చిన్న ప్రజకు సొంత ఊరైనది. ఇరువదవ శతాబ్దపు చివరి భాగములో వారిలో అనేకులు ఆ ఊళ్లను విడిచి జర్మనీకి చేరిరి.

అట్లు ఈశాన్య సిరియా నుండి వెళ్లిన ఒక యెజీదీ కుర్దు తండ్రికిని, జర్మను తల్లికిని 1993లో మ్యూనిక్ పట్టణమందు పుట్టిన కుమార్తె రోన్యా ఓట్‌మన్. ఆమె నేడు జర్మను సాహిత్యములో పేరుపొందిన రచయిత్రి. 2020లో ‘వేసవులు’ అను నవల, 2021లో ‘నేరాలు’ అను కవితా సంపుటి, 2024లో ‘డెబ్బది నాలుగు’ అను పెద్ద గ్రంథము వెలువరించినది. ఆమె అడుగు ప్రశ్న చిన్నది: మేము ఎవరము, మాలో నేను ఎవరిని? ఈ ప్రశ్న ఆమె వరకు ఎట్లు వచ్చినదో చరిత్రలో వెదకుటయే మా ఉద్దేశము.

ముందుగా ఒక ఒప్పుకోలు. మేము బి.డి. చదువుచున్న దినములలో ఒక పాత విజ్ఞానకోశములో యెజీదీలను గూర్చి ‘సాతానును పూజించువారు’ అని చదివితిమి. మరి విచారింపకయే, తరువాత యోనా గ్రంథముపై ప్రసంగించినపుడు నీనెవె శిథిలముల చుట్టు నేటికిని అట్టివారు ఉన్నారని సంఘమునకు చెప్పితిమి. ఆ మాట అబద్ధమని తెలిసికొనుటకు మాకు చాల సంవత్సరములు పట్టినది. ఆ అబద్ధము ఎంత ప్రాణనష్టమునకు తోడ్పడినదో 2014లో గాని గ్రహింపలేదు.

వారి విశ్వాసము

ఇరాకునకు ఉత్తరమున, మోసులు నగరము ఆవల కొండలలో లాలిష్ అను లోయ ఉన్నది. సుమారు 1162లో మరణించిన షేక్ ఆదీ అను సూఫీ భక్తుని సమాధి అచ్చట ఉన్నది. ఆయన నేటి లెబనోనులోని బెకా లోయనుండి వచ్చినవాడు. అయితే లాలిష్ కేవలము ఒక సూఫీ ఆశ్రమము కాదు. అంతకు మునుపే ఆ కొండలలో ఉండిన ప్రాచీన విశ్వాసములు ఆయన శిష్యుల బోధతో కలిసి ఒక ప్రత్యేక మతముగా రూపొందినవని పండితులు చెప్పుదురు. లాలిష్‌లో ప్రవేశించువారు చెప్పులు విడుతురు, గడప మీద కాలు మోపరు. ‘తెల్లని ఊట’ అను నీటిబుగ్గయొద్ద బిడ్డలకు స్నాన సంస్కారము జరుగును. ఆ లోయ మట్టిని ఆ ఊట నీటితో కలిపి చిన్న ఉండలుగా చేసి భక్తులు ఇండ్లకు తీసికొనిపోవుదురు. ప్రవాసములో ఉన్న యెజీదీ ఇంటిలో ఈ మట్టి ఉండ కనబడుట సాధారణము.

వారి దేవుడు ఒక్కడే. ఆయన లోకమును ఏడుగురు దూతలకు అప్పగించెననియు, వారికి ప్రధానుడు ‘తావూసీ మెలెక్’ అనగా నెమలి దూత యనియు వారి నమ్మకము. ఆదామునకు మ్రొక్కుటకు ఈ దూత నిరాకరించెనను కథనము ఒకటి కలదు. ఇస్లాములో ఇబ్లీసును గూర్చి ఇట్టి కథయే ఉండుటచేత పొరుగువారు ఈ దూతను సాతానుగా లెక్కించిరి. యెజీదీలకైతే అది అవిధేయత కాదు, దేవునికి తప్ప మరెవ్వరికిని మ్రొక్కనను విశ్వాస్యత. సాతాను అను పదమును ఉచ్చరించుటయే వారికి నిషిద్ధము. (నెమలి పేరు పట్టుకొని వీరు కార్తికేయుని భక్తులనియు, కాబట్టి హిందువులనియు చెప్పు సందేశములు మన దేశములో తిరుగుచున్నవి. దానికి చారిత్రక ఆధారము మాకు కనబడలేదు. ఒక ప్రజను ఎవరో ఒకరి ఖాతాలో వేయవలెనను తొందర అన్ని మతముల వారికిని ఉన్నట్లున్నది.)

మరి రెండు సంగతులు మన ప్రశ్నకు ముఖ్యము. మొదటిది పుట్టుక. ఇతర జాతులన్నియు ఆదాము హవ్వల సంతానమైతే, తాము ఆదాము ఒక్కని బీజము నుండి, ఒక కుండలో పుట్టిన వానినుండి వచ్చితిమని వారి కథనము. కాబట్టి యెజీదీగా మారుట అనునది లేదు. తల్లియు తండ్రియు యెజీదీలైన వాడే యెజీదీ. షేకులు, పీర్లు, మురీదులు అను మూడు వర్గములలో ఎవరు ఏ వర్గములో పుట్టిరో ఆ వర్గములోనే పెండ్లి చేసికొందురు. బయటివారిని పెండ్లాడినవారు సమాజము వెలుపలికి పోవుదురు.

రెండవది నోటి మాట. వారి పవిత్ర సాహిత్యము ‘ఖౌల్’ అను కీర్తనలు. బషీకా, బహ్‌జానీ అను జంట ఊళ్లలోని ఖవ్వాలులు వాటిని తప్పెట, పిల్లనగ్రోవులతో పాడుచు తండ్రినుండి కుమారునికి అందించిరి. హైదరాబాదు దర్గాలలో మనము వినిన ఖవ్వాలీ అను మాటకును దీనికిని మూలము ఒకటే; అరబ్బీలో ‘పలుకు’ అని అర్థము. షేకులలో ఒక శాఖవారికి తప్ప తక్కినవారికి చదువు వ్రాత పూర్వము నిషిద్ధము. అక్షరము రాకయే కీర్తనలన్నియు కంఠస్థముగా పాడిన అవ్వలు మన సంఘములలోను ఉండిరి గనుక ఇది మనకు వింత కాకూడదు.

గ్రంథము ఏది అని అడిగినవారు

ఇస్లాము రాజ్యములలో యూదులు, క్రైస్తవులు గ్రంథము గల ప్రజలుగా పన్ను చెల్లించి బ్రదుకు హక్కు పొందిరి. యెజీదీల చేతిలో గ్రంథము లేదు, కావున ఆ రక్షణయు లేదు. 1872లో ఒట్టోమాను ప్రభుత్వము వారిని సైన్యములో చేర్చుకొనబోగా, తమ మతము అందుకు ఎందుకు ఒప్పదో వివరించుచు వారి పెద్దలు 14 అంశములతో ఒక విన్నపము వ్రాసి ఇచ్చిరి. తమ ఆచారములను గూర్చి వారే వ్రాతలో పెట్టిన తొలి పత్రములలో ఇది ఒకటి. గమనింపవలసినదేమనగా, అది భక్తి కొరకు వ్రాసినది కాదు, ఒక కచేరీకి జవాబుగా వ్రాసినది.

తరువాత పాశ్చాత్య పండితులు వచ్చిరి. వారు కూడ అడిగినది అదే: మీ గ్రంథము ఏది? అంగడిలో గిరాకీ ఉన్నచోట సరకు దొరకక మానదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర మోసులులో ‘జిల్వా’, ‘నల్ల గ్రంథము’ అను రెండు చిన్న పుస్తకముల వ్రాతప్రతులు అమ్మకమునకు వచ్చినవి. 1909లో ఇస్యా జోసెఫ్ వాటి అరబ్బీ పాఠమును ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1911లో కుర్దు భాషా పాఠము కూడ వెలువడెను. 1916లో ఆల్ఫోన్స్ మింగానా వీటిని పరిశీలించి ఇవి నకిలీవనియు, జెరెమియా షామీర్ అను పుస్తక వ్యాపారి చేతిపని యనియు వాదించెను. షామీర్ మఠమును విడిచిన కల్దీయ క్రైస్తవుడు. మింగానాయు కల్దీయ సంఘములో పుట్టి మోసులు సెమినరీలో బోధించినవాడే. అనగా నకిలీ చేసినవాడని ఆరోపణకు గురియైనవాడును, దానిని బయటపెట్టినవాడును ఇద్దరును మనవారే. ఆ పుస్తకములలో నిజమైన సంప్రదాయములు కొన్ని ఉన్నను, వాటిని వ్రాసినవారు యెజీదీలు కారని నేటి పండితుల సాధారణ అభిప్రాయము. అసలు ఖౌల్ కీర్తనలను యెజీదీ విద్యావంతులే సేకరించి బాగ్దాదులో అచ్చువేయునప్పటికి 1979వ సంవత్సరము వచ్చినది. నకిలీ గ్రంథము అసలు కీర్తనలకంటె డెబ్బది ఏండ్లు ముందుగా లోకమునకు తెలిసినదన్నమాట!

ఫర్మానా

నిజాము ఏలుబడిలో ఫర్మానా అనగా రాజుగారి ఉత్తరువు. తెలంగాణ పల్లెలలో ఈ మాట తెలియనివారు లేరు. యెజీదీలు కూడ ‘ఫర్మాన్’ అందురు. వారి నోట దాని అర్థము మాత్రము ఊచకోత. సుల్తాను కాగితము వచ్చినప్పుడెల్ల వెనుకనే సైన్యము వచ్చుటచేత రెండును ఒకటే పేరైనవి. తమకు సంభవించిన ఫర్మానులను వారు లెక్కించుకొందురు. 72 అను సంఖ్య పాతది. లోకములోని తక్కిన జాతులన్నియు కలిసి 72 అనియు వారి లెక్క. ఆదికాండము 10వ అధ్యాయపు జాతులు గ్రీకు పాఠములో 72 అని లెక్కించు సంప్రదాయము మన విద్యార్థులకు జ్ఞాపకము రావచ్చును.

ఒక ఫర్మాను సంగతి మాత్రము విశదముగా చెప్పెదము. 1832లో రవాందూజ్ కుర్దు ప్రభువు షేకాన్ ప్రాంతపు యెజీదీల మీద పడగా వారు మోసులు వైపునకు పారిపోయిరి. అది వసంతకాలము, టిగ్రీసు పొంగి ప్రవహించుచున్నది. పడవల వంతెనను తీసివేసిరి. దాటలేనివారు ఈవలి గట్టున ఉన్న కుయుంజిక్ దిబ్బ ఎక్కిరి. ఆవలి గట్టు మీది నగరవాసులు చూచుచుండగా అచ్చటనే వారిని వధించిరి. ఈ సంగతిని ఆస్టెన్ హెన్రీ లేయార్డ్ వ్రాసెను. ఆ కుయుంజిక్ దిబ్బయే నీనెవె. తరువాతి దశాబ్దములో లేయార్డ్ అదే దిబ్బను త్రవ్వి సన్హెరీబు నగరును, లాకీషు ముట్టడి శిల్పములను వెలికి తీసెను. పాత నిబంధన పాఠములలో ఆ శిల్పముల చిత్రములను మనము చూపింతుము. వాటిపై కప్పియున్న మన్ను మీద అంతకు కొన్ని ఏండ్లకు ముందు ఎవరి రక్తము కారినదో మాకు ఎవరును చెప్పలేదు. లేయార్డ్ 1846లో లాలిష్ పండుగకు వెళ్లి, చూచినదానిని ఆదరముతోనే వ్రాసెను. అయినను ‘సాతాను పూజకులు’ అను పేరే ఐరోపాలో నిలిచినది.

1892లో ఒమర్ వెహ్బీ పాషా లాలిష్‌ను పట్టుకొని, నెమలి ప్రతిమలను ఎత్తుకొనిపోయి, ఆ స్థలమును ఇస్లాము పాఠశాలగా మార్చెను. యెజీదీలకు అది మరల దక్కుటకు పండ్రెండేండ్లు పట్టినది. ఆ 1892లోనే జర్మనీలో కార్ల్ మాయ్ కుర్దిస్తానును గూర్చిన సాహస నవలను పుస్తకముగా తెచ్చెను. అప్పటికి ఆయన ఆ దేశమును కన్నులార చూడలేదు. అందులో యెజీదీలు మంచివారుగనే కనబడుదురు గాని, పిలువబడునది సాతాను పూజకులనియే. తరతరముల జర్మను బాలురు ఆ పుస్తకము చదివిరి. ప్రవాసులు చేరకమునుపే ఆ పేరు వారికంటె ముందు జర్మనీ చేరి కూర్చున్నది.

మన సంఘ చరిత్ర గ్రంథములలో సాధారణముగా కనబడని ఒక సంగతి ఉన్నది. 1915లో ఆర్మేనియా, అష్షూరు క్రైస్తవులను ఒట్టోమాను సైన్యము తరుముచుండగా అనేకులు ఎడారి దాటి సింజారు కొండకు చేరిరి. సింజారు యెజీదీల కోట. వారి నాయకుడు హమో షెరో ఆ క్రైస్తవులకు చోటిచ్చెను. 1918లో వారిని అప్పగింపుమని ప్రభుత్వము కోరగా ఆయన నిరాకరించెను. సైన్యము సింజారు మీదికి వచ్చినది, ఊళ్లు దోపుడైనవి, జనులు కొండలలోనికి పారిపోయిరి. సాతాను పూజకులని మనము పిలిచినవారు మన సహోదరుల కొరకు చెల్లించిన వెల ఇది.

డెబ్బది నాలుగవది

2007 ఆగస్టు 14న సింజారు దక్షిణపు రెండు యెజీదీ గ్రామములలో బాంబులు నిండిన వాహనములు పేలి వందలమంది చనిపోయిరి. దానిని 73వ ఫర్మానుగా లెక్కించువారికి 2014 ఆగస్టు 3 నాటిది 74వది. ఆ దినమున ఐసిస్ మూకలు సింజారును చుట్టుముట్టగా, కావలియున్న పెష్మెర్గా దళములు వెనుదిరిగిపోయిరి. పదుల వేలమంది నీడయు నీరును లేని కొండ మీద చిక్కుకొనిరి. సిరియా వైపునుండి కుర్దు దళములు ఒక దారి తెరవగా వారు ఖాబూరు దేశము గుండ బయటపడిరి. ఆగస్టు 15న కోచో గ్రామములో పురుషులను కాల్చిచంపి స్త్రీలను పిల్లలను పట్టుకొనిపోయిరి. నాదియా మురాద్ ఆ గ్రామము కుమార్తెయే. 2018లో నోబెల్ శాంతి బహుమానము పొందినది. మొత్తము 6 వేలకు పైగా జనులు అపహరింపబడిరి. పదేండ్లు గడచిన 2024 నాటికి కూడ వారిలో సుమారు 2,600 మంది జాడ తెలియలేదు.

మోసులు క్రైస్తవులకు అంతకుముందు జూలైలో పన్ను కట్టుట, మతము మారుట, ఊరు విడుచుట అను దారులు చూపి, కాదన్నవారికి కత్తి అనిరి. వారు సర్వము కోల్పోయి వెళ్లగొట్టబడిరి, అది చిన్న శ్రమ కాదు. యెజీదీలకు ఆ పన్ను దారి కూడ లేదు. అక్టోబరులో ఐసిస్ తన పత్రికలో కారణము బాహాటముగా ప్రకటించినది: వీరు గ్రంథము గల ప్రజలు కారు, కావున వీరి స్త్రీలను దాసీలుగా పంచుకొనవచ్చును. పండితుల గదులలో నిరపాయకరముగా వినబడిన ప్రశ్న సింజారులో ఇట్లు అమలైనది.

కుమార్తె

జర్మనీకి యెజీదీలు 1961 కూలీల ఒప్పందము తరువాత టర్కీ నుండి మొదట వచ్చిరి. తరువాత సిరియా నుండి, ఇరాకు నుండి ఆశ్రయము కోరి వచ్చిరి. నేడు అచ్చట వారు సుమారు 2 లక్షలమంది అని అంచనా. స్వదేశము వెలుపల ఇంత పెద్ద సమాజము మరెక్కడను లేదు. 2015లో బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రము చెరనుండి తప్పించుకొనిన స్త్రీలను పిల్లలను వేయిమందికి పైగా తెచ్చుకొని ఆదరించినది.

‘వేసవులు’ నవలలో లైలా అను బాలిక ప్రతి వేసవికి జర్మనీనుండి సిరియాలోని తాత అవ్వల ఊరికి వెళ్లును. ఆమె తల్లి జర్మను, తండ్రి యెజీదీ. ఆ దేశములో 1962 జనాభా లెక్కలలో సుమారు 1,20,000 మంది కుర్దుల పౌరసత్వము ఒక్క దినములో కొట్టివేయబడినదని మన పాఠకులు ఎరుగవలెను. పుట్టిన నేల మీదనే పరదేశులైనవారి ఊళ్లు అవి. లైలాకు జర్మనీలో ఊరి సంగతి అడుగువారు లేరు, ఊరిలో జర్మనీ సంగతి అర్థమగువారు లేరు. యుద్ధము వచ్చిన తరువాత ఊరు ఆమెకు తెర మీద మాత్రమే కనబడును.

‘డెబ్బది నాలుగు’లో రచయిత్రి కల్పిత పాత్రను ప్రక్కన పెట్టి తానే బయలుదేరినది. శరణార్థి శిబిరములకు, యుద్ధరేఖలకు, బంధువుల ఇండ్లకు, టర్కీలో నేడు ఒక్కరును నివసింపని ఒక యెజీదీ గ్రామమునకు ఆమె వెళ్లును. కథ అల్లుట ఆమె పని కాదు. చూచుట, వినుట, వ్రాసి ఉంచుట. ఈ గ్రంథములోని ఒక భాగమును 2019లో క్లాగెన్‌ఫుర్ట్ సాహిత్య పోటీలో చదువగా శ్రోతల బహుమానము లభించినది. 2024లో గ్రంథము జర్మను పుస్తక బహుమానపు తుది జాబితాకు చేరినది.

ఇందులో మమ్మును నిలిపిన సంగతి ఒకటే. కఠిన నియమము ప్రకారము ఆమె యెజీదీ కాదు, తల్లి బయటిది గనుక. నోటి మాటగా నడచిన ప్రజకు వారి ఫర్మాను సంఖ్యనే పేరుగా పెట్టి గ్రంథము వ్రాసినది, ఆ ప్రజల లెక్కలో చోటు లేని కుమార్తె. అదియు అవ్వ భాషయైన కుర్దులో కాక, తల్లి భాషయైన జర్మనులో. నియమము తప్పని చెప్పుట మాకు సులభము, మనది మార్పు పొందినవారిని చేర్చుకొను సంఘము గనుక. ఎన్ని ఫర్మానులకైనను కరగిపోకుండ ఆ ప్రజను నిలిపినది ఆ నియమమే అని వారి పెద్దలు చెప్పినపుడు మా యొద్ద వెంటనే జవాబు లేదు. చెరనుండి తిరిగి వచ్చిన యూదులు కూడ అట్లే చేసిరి. ఎజ్రా 2:59-62లో వంశావళి పత్రము చూపలేకపోయిన కుటుంబముల పేర్లు ఉన్నవి. వారును అందరితో కలిసి ఎడారి దాటి వచ్చినవారే. మోయాబీయురాలైన రూతు మత్తయి 1వ అధ్యాయములోని వంశావళిలో చోటు పొందినదని మనము సంతోషముతో బోధింతుము గాని, ఈ కుటుంబములు ఏమైనవని అడుగము.

చెరనుండి వచ్చిన స్త్రీల విషయములో యెజీదీ పెద్దలు తమ నియమమును నిజముగా వంచిరి. మతపెద్దయైన బాబా షేక్ వారిని నిర్మలులుగా, తమవారుగా చేర్చుకొనవలెనని ప్రకటించెను. వారు లాలిష్‌కు వచ్చి తెల్లని ఊటయొద్ద మరల స్నానము పొందిరి. పూర్వము ఇట్టిది ఎన్నడును జరుగలేదు. ఆయన 2020లో మరణించెను. అయితే ఆ స్త్రీలకు చెరలో పుట్టిన పిల్లల సంగతి వేరు. 2019 ఏప్రిల్ 24న ఆధ్యాత్మిక మండలి చేసిన ప్రకటన ఆ పిల్లలను కూడ చేర్చుకొనుచున్నట్లు వినబడినది. మూడు దినములకే, వారు అందులో చేరరని మండలి వివరణ ఇచ్చినది.

దేశముల తీర్పులు కూడ వచ్చినవి. 2021 నవంబరు 30న ఫ్రాంక్‌ఫుర్ట్ న్యాయస్థానము ఒక ఐసిస్ సభ్యుని జాతిసంహార నేరముపై శిక్షించినది. యెజీదీల విషయములో లోకములో ఇది మొదటి తీర్పు. 2023 జనవరి 19న జర్మను పార్లమెంటు దీనిని జాతిసంహారముగా గుర్తించినది. అదే సంవత్సరము మొదలుకొని, ఆశ్రయము నిరాకరింపబడిన యెజీదీలు కొందరిని ఇరాకునకు తిప్పి పంపుటయు జరిగినది.

ఇరాకు 2021 మార్చి 1న చెరనుండి బ్రదికి వచ్చినవారికి భృతియు భూమియు ఇచ్చు చట్టమును చేసినది. చెరలో పుట్టిన పిల్లల ప్రశ్నను ఆ చట్టము పరిష్కరింపలేదు. అచ్చటి నమోదు పుస్తకములో ముస్లిము తండ్రికి పుట్టిన బిడ్డ ముస్లిముగానే వ్రాయబడును. తల్లులలో కొందరు బిడ్డను అనాథాశ్రమములో విడిచి తమవారియొద్దకు తిరిగి వచ్చిరి. కొందరు బిడ్డ కొరకు తిరిగి రాక అచ్చటనే నిలిచిపోయిరి.